తాతమ్మ పటం ముందు ఎవరూ ఆగలేదు

ఎనభైలలో మా దివాణం అమ్ముడుపోయాక, కుర్చీలో కూర్చున్న తాతమ్మ మనిషంత ఎత్తు వర్ణచిత్రాన్ని గుంటూరులో ఒక మ్యూజియానికి ఇచ్చాం. అమ్మలేదు, ఇచ్చాం. తర్వాత అక్కడివాళ్లు గదులు మార్చదలచి, జనం ఏ చిత్రం దగ్గర ఆగుతున్నారో గమనించసాగారు. ఎవరూ ఆగనివి గోదాముకు పోతాయట. తాతమ్మ దగ్గర ఎవరూ ఆగడం లేదంటే నమ్మలేక, నేనే వెళ్లి ఎదురుగా కూర్చున్నాను.

నిజమే. అక్కడికి రాగానే అందరూ మాటలాపి, గోడకు దూరంగా జరిగి పోతున్నారు. సత్తెనపల్లి వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ, కడుపుతో ఉన్న కోడలి చెయ్యి పట్టి లాగింది.

"అటు చూడమాకే! పద."

"ఆవిడ మా తాతమ్మ. చూస్తే ఏం?" అన్నాను కటువుగా.

"మీ తాతమ్మా బాబూ? మరి కాళ్ల బొటనవేళ్లు కట్టేసుంటే చూళ్లేదా?"

వంగి చూశాను. మా ఇంట్లో ఆ పాదాల మీద ఎప్పుడూ పూలదండ వేలాడేది. ఇప్పుడు చీర అంచు కింద, శవానికి కట్టినట్టే, రెండు బొటనవేళ్లనూ కలిపి కట్టిన తెల్లదారం కనిపించింది. ప్రాణం పోయాక కుర్చీలో కూర్చోబెట్టి గీయించారన్నమాట. ఆ కళ్లెదుటే నేను అన్నం తిని పెరిగాను.

ఉంచమని వాదించడానికి వెళ్లినవాణ్ణి, దింపమన్నాను. గోదాములో గోడకు ఆనించబోతుంటే ఆపి, వెల్లకిలా పడుకోబెట్టించాను. వంశం పరువు కోసం ఆమెను అన్నేళ్లు కూర్చోబెట్టి ఉంచాం. ఆ సాయంత్రం గుమ్మం బయటే తలస్నానం చేసి ఇంట్లోకి అడుగుపెట్టాను.