ఆయన వెంట వెళ్ళని పాట

"రెండో వైపు తిప్పవే" అన్నారాయన. "చేతులు శనగపిండిలో ఉన్నాయి, కాస్త ఆగండి" అన్నాను నేను. మా ఇద్దరి మధ్యా నడిచిన ఆఖరి మాటలు అవే. చేతులు కడుక్కుని గరాజులోకి వచ్చేసరికి రికార్డు తిరుగుతూనే ఉంది, ఆయన కుర్చీలోనే ఉన్నారు, ప్రాణం మాత్రం లేదు.

ఈ సంగతి ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. పోయిన శనివారం టకానిని ఊళ్ళో మా బావగారి కూతురి పెళ్ళి విందులో ఒక పాట విన్నాక ఇక కడుపులో దాచుకోలేకపోయాను. బావగారంటే ఆయన తోడబుట్టిన అన్నగారు, మా చర్చి సంఘానికి పెద్ద. నాకు సంతకం దాటి రాత రాదు కనుక, టౌరంగాలో నర్సు పని చేస్తున్న మా అక్క కూతుర్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని చెబుతున్నాను, అది రాస్తోంది.

మేం ఈ దేశం వచ్చిన కొత్తలో ఆయనకు కివీపండ్ల ప్యాక్‌హౌసులో పని దొరికింది. బెల్టు మీద దొర్లుకుంటూ వచ్చే పండ్లలో మచ్చలున్నవి ఏరి పక్కన పడెయ్యాలి. ఎదురుగా నిలబడి అదే పని చేసే బ్రెజిల్ ఆవిడ, ఇంచుమించు మా వయసుదే, చేతులు ఆడినంతసేపూ తమ దేశపు పాత పాటలు లోలోపల పాడుకుంటూ ఉండేదట. మా ఊరి చర్చిలో తబలా వాయించిన చెయ్యి ఆయనది. ఆ తాళం ఎక్కడ మొదలవుతుందో ఎక్కడ విరుగుతుందో అంతుపట్టక ఇంటికొచ్చి భోజనాల బల్ల మీద వేళ్ళతో కొట్టుకుంటూనే ఉండేవారు, నాకు చిరాకొచ్చి పళ్ళెం లాగేసుకునేదాకా. ఆవిడ తన దేశానికి తిరిగి వెళ్ళిపోతూ, అంత బరువు మోయలేక, ఒక అట్టపెట్టె నిండా రికార్డులు ఆయన చేతిలో పెట్టి వెళ్ళింది.

అవి గొంతు చించుకునే పాటలు కావు. పక్కగదిలో పసిబిడ్డ నిద్రపోతుంటే మాట్లాడుకున్నట్టు మెత్తగా, గిటారు తీగను గోటితో గిల్లినట్టు ఉంటాయి. నాకు మాటలు తెలియవు గానీ, పాడేవాడు లోపల ఏడుస్తూ పైకి నవ్వుమొహం పెట్టుకున్నాడని మాత్రం మొదటిరోజే తెలిసిపోయింది. ఇలాంటిది ఒక్కడూ వింటే పాపం అన్నారాయన. అందుకే శనివారం సాయంత్రాలు కారు బయట పెట్టి, గరాజులో కార్పెట్ ముక్క పరిచి అందర్నీ పిలిచాం. మా వయసువాళ్ళు ఎవరు రాలేదని? ఇది చదువుతున్న మన సంఘంవాళ్ళలో నా చేతి మిరపకాయ బజ్జీ తిననివాళ్ళు తక్కువ.

బ్రెజిల్‌వాళ్ళదీ పోర్చుగీసు భాషే, అది అనగానే మనకు గోవా తప్ప ఇంకోటి తట్టదు కదా. ఒక అంకుల్ ఇవి గోవా కాథలిక్కుల భక్తిగీతాలని తేల్చేశాడు, అంతా నమ్మేశారు. కళ్ళు మూసుకుని తలలూపారు, ఒక ఆంటీ అయితే పాట అవ్వగానే ఆమెన్ కూడా అంది. అయ్యా, ఇది బ్రెజిల్ అండీ, సినిమా పాటల్లాంటివండీ అని ఆయన మొత్తుకుంటూనే ఉన్నారు, ఎవరికీ పట్టలేదు. చివరికి ఎవరి కోడలో ఫోన్లో అర్థం వెతికి, ఆయనకు ప్రాణమైన పాట దేవుడి మీద కాదని, రేవులో ఓడ దిగిరాని మగవాడి కోసం ఒక ఆడది పడే బాధ అని అందరి ముందూ చదివింది. ఆమెన్ అన్న ఆంటీ బజ్జీ కింద పెట్టేసింది. బావగారు లేచి నిలబడి, "ఒరే, డాన్సు పాటలకు సంఘాన్ని కూర్చోబెడతావా, సిగ్గు లేదూ?" అన్నారు. మరుసటి శనివారం పిండి కలుపుకుని కూర్చున్నాం, ఒక్క కారు ఆగలేదు. ఆదివారం ఇక్కడి చర్చిలో ఆయన వాయించే తబలా ముందు వేరే మనిషి ఉన్నాడు. ఆయన వెళ్ళి వెనక బెంచీలో కూర్చున్నారు, పోయేదాకా అక్కడే కూర్చున్నారు.

ఇక్కడ మనిషి పోతే, శవపేటికను బయటికి మోసేటప్పుడు ఏ పాట పెట్టమంటారని అంత్యక్రియలు జరిపించే ఆవిడే వచ్చి అడుగుతుంది. నేను ఆ రేవు పాట రికార్డు ఇచ్చాను. బావగారు దాన్ని ఆవిడ చేతిలోంచి తీసుకుని, నా వైపు తిరిగి, "ఏమ్మా, నలుగురూ ఏమనుకుంటారు?" అని, ఫోన్లోంచి ఒక కీర్తన పెట్టించారు. కీర్తన మంచిదే, నేనూ పాడేదే. కానీ అది ఆయన అడిగి వినేది కాదు. మీరంతా అక్కడే ఉన్నారు, ఒక్కరూ నోరు విప్పలేదు.

మొన్న విందులో పెళ్ళిపిల్ల కేకు కోస్తుంటే, డబ్బిచ్చి పిలిపించిన కివీ బ్యాండు, అంటే ఇక్కడి తెల్లవాళ్ళు, వాయించింది ఆ రేవు పాటే. బావగారు తలూపుతూ నా దగ్గరికొచ్చి, "విన్నావామ్మా, బ్రెజిల్ పాటంట, అల్లుడు సెలెక్ట్ చేశాడు, ఎంత క్లాసుగా ఉందో చూడు" అన్నారు. "మీ తమ్ముణ్ణి మోసేటప్పుడు పనికిరాలేదుగా బావగారూ, కేకుకు పనికొచ్చిందా?" అన్నాను. బావగారు అటూ ఇటూ చూశారు. మైకు మీ చేతిలోనే ఉంది, ఈ పాట మన మధ్యకు తెచ్చింది మా తమ్ముడని ఒక్క మాట అనండి, చాలు అని బతిమాలాను. "పెళ్ళిలో చావు కబుర్లెందుకమ్మా, ఐస్‌క్రీమ్ తీసుకో" అని వెళ్ళిపోయారు. ఆమెన్ ఆంటీ చప్పట్లు కొడుతోంది.

ఇప్పుడు అన్ని దేశాల పాటలూ ఫోన్లోనే ఉన్నాయట. పాట కోసం ఒకరింటికి ఒకరు వెళ్ళనక్కర్లేదు, ఎవరు వినిపించారో గుర్తుపెట్టుకోనక్కర్లేదు. తెల్లవాళ్ళు కోటు వేసుకుని వాయిస్తే గౌరవం, మా ఆయన బనీనుతో గరాజులో వినిపిస్తే పాపం. ఆ సాయంత్రాలు మళ్ళీ రావని నాకు ఏడుపు లేదు. వచ్చి కూర్చున్నవాళ్ళే రానట్టు ఉండటం మాత్రం ఓర్చుకోలేను. మైకులో అననిది కాగితం మీదైనా ఉండాలి.

అమ్మాయ్, అంతా రాశావా? ఏదీ, మొదట్నించీ పైకి చదువు. మా బావగారి, అదే మీ పెదనాన్నగారి మాటలు వచ్చిన చోట మెత్తబరిచి ఉంటావు, నీ సంగతి నాకు తెలియదూ. చదువు, వింటాను.