వైరు కలపని మూడో మీటరు

మా ఇంట్లో పిల్లలకి అన్నం తినిపించడానికి కూడా బూచాడి పేరు ఎత్తేవారు కాదు. మా నాన్నగారు రామచంద్రపురంలో లెక్కల టీచరు. ఆదివారం చర్చి, మిగిలిన ఆరు రోజులూ లెక్కలు. చీకటంటే భయం వేస్తోందని చెబితే టార్చిలైటు చేతికిచ్చి, "వెళ్ళి చూసి రా, ఏముందో నాకూ చెప్పు" అనేవారు. వెళ్ళి చూస్తే ఎప్పుడూ ఏమీ ఉండేది కాదు.

నేను బీయస్సీ ఫిజిక్సు చదివాను. దయ్యం, దిష్టి, చేతబడి, వీటిలో దేన్నీ నమ్మలేదు. ఇప్పుడు నమ్ముతున్నానని కూడా చెప్పలేను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, అంతే.

మేం రాజమండ్రిలో ఒక అపార్ట్‌మెంటులో ఉంటాం. మా ఆయన రొయ్యల మేత వ్యాపారం చేస్తారు. మా పాప పేరు గ్రేసీ. ఇదంతా మొదలైనప్పుడు దానికి పద్నాలుగు నెలలు.

మా ఆయనకి చిన్నప్పటి నుంచీ స్పోర్ట్స్ కారు పిచ్చి. కిందటేడు హైదరాబాదులో ఎవరో వాడి అమ్మేసిన ఎర్ర కారు ఒకటి కొన్నారు. రెండే తలుపులు. వెనక సీట్లో కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి తగులుతాయి. మా అత్తగారు ఒకసారి ఎక్కి దిగి, "ఇది కారా, కొబ్బరి బోండామా? లోపల నీళ్ళకి తప్ప మనిషికి చోటు లేదు" అన్నారు.

ఆ కారు ఇంజను తొందరగా వేడెక్కుతుంది. వేడి ఎంతుందో చూపించే మీటరు కంపెనీ వాళ్ళు పెట్టలేదు. మరీ వేడెక్కితే ఒక ఎర్ర లైటు వెలుగుతుంది. మా ఆయనకి అదే బెంగ. "లైటు వెలిగేసరికే ఇంజను పోతుంది సునీతా. ముల్లు ఉంటే ముందే తెలుస్తుంది" అనేవారు. అందుకని మూడు గుండ్రటి మీటర్లు, అవి కూర్చునే మూడు కన్నాల నల్ల పలకా తెప్పించారు. ఒకటి ఆయిల్ ప్రెషరుకి, ఒకటి బ్యాటరీకి, మూడోది ఇంజనులో తిరిగే నీళ్ళ వేడికి.

మూడో మీటరు మీద అంకెలు నలభై సెల్సియస్ దగ్గర మొదలవుతాయి. అంతకన్నా చల్లగా ఉంటే ముల్లు అడుగున పడుకుని ఉంటుంది. దాని వెనక నుంచి వచ్చే వైరు చివర వేలి కణుపంత ఇత్తడి సెన్సరు. దాన్ని ఇంజనులో బిగించాలి.

బిగించే ముందు సరిచూడాలని మా ఆయన ఒక ఆదివారం ఇంట్లోనే దుకాణం పెట్టారు. పాత బ్యాటరీ ఒకటి తెచ్చి మీటరుకి కలిపారు. పాప స్నానాల టబ్బులో చన్నీళ్ళు పోసి, సెన్సరు ముంచి, వేడినీళ్ళు కొంచెం కొంచెంగా కలిపారు. కొలవడానికి ఏమీ లేక పాప జ్వరం చూసే థర్మామీటరు తీసుకున్నారు. నాకు ఒళ్ళు మండింది, కానీ ఫిజిక్సు చదివినదాన్ని కదా, నేనే దగ్గరుండి చూశాను. థర్మామీటరు నూట నాలుగు చూపించగానే ముల్లు అడుగు నుంచి లేచింది. నూట నాలుగు ఫారెన్‌హీట్ అంటే సరిగ్గా నలభై సెల్సియస్. మీటరు కచ్చితంగా ఉంది.

ఇంతలో పాప పాకుతూ వచ్చి ఆ సెన్సరు గుప్పిట్లో పట్టుకుంది. ఎంత లాగినా వదల్లేదు. ముల్లు మెల్లగా కిందికి జారి పడుకుంది.

"చూశావా, గ్రేసీకి జ్వరం లేదంటోంది" అన్నారు మా ఆయన. ఇద్దరం నవ్వుకున్నాం.

మీటర్లు బిగించింది రావులపాలెంలో, అరటి మార్కెట్టు వెనకాల షెడ్డు ఉన్న సత్తిబాబు గారు. లారీల వైరింగు చేయడంలో ఆయనకి మంచి పేరు. మొదటి రెండు మీటర్లూ బాగానే కూర్చున్నాయి. మూడోదాని సెన్సరు మర మా ఇంజనుకి సరిపోలేదు. మధ్యలో వేసే ముక్క ఎక్కడా దొరకలేదు. అది దొరికేదాకా మీటరు మాత్రం పెట్టేయమన్నారు మా ఆయన. మూడు కన్నాల్లో ఒకటి ఖాళీగా ఉంటే ఊడిన పన్నులా ఉంటుందని ఆయన బాధ.

సత్తిబాబు గారు ఒప్పుకోలేదు. "వద్దండి బాబూ. కలపని మీటరు బండిలో ఉండకూడదండి. కన్నం ఖాళీగా ఉంటే డ్రైవరు ఇంజను చప్పుడు వింటాడండి. మీటరుంటే దాన్నే నమ్ముతాడు. మా గురువు గారు చచ్చినా పెట్టనిచ్చేవారు కాదు."

"మీ గురువు గారు స్పోర్ట్స్ కారు చూసుంటారా?"

"ఆయ్, లేదండి. కాలిపోయిన ఇంజన్లు మాత్రం శానా చూశారండి."

చివరికి మా ఆయన మాటే నెగ్గింది. మీటరుకి కరెంటు కలిపారు. తాళం తిప్పితే లోపల లైటు వెలుగుతుంది, ముల్లు మాత్రం కదలదు. సెన్సరుకి వెళ్ళాల్సిన వైరు చివర టేపు చుట్టి వదిలేశారు. సెన్సరు మా ఆయన జేబులో ఇంటికొచ్చి వంటింటి అరలో చేరింది.

రెండు వారాల తర్వాత మా పుట్టింటి నుంచి తిరిగి వస్తున్నాం. మధ్యాహ్నం మూడైంది. పాప నా ఒళ్ళో నిద్రపోతోంది. మండపేట దాటాక ఎందుకో అటు చూశాను. మూడో మీటరు ముల్లు నలభై దాటి గింజంత పైన నిలబడి ఉంది.

మా ఆయనకి చూపించాను. "వైరు ఎక్కడో రేకుకి తగులుతోంది" అన్నారు. నేనూ అలాగే అనుకున్నాను. పాప ఒళ్ళు చల్లగానే ఉంది. ఆ సంగతి కచ్చితంగా చెప్పగలను, ఎందుకంటే అప్పుడే దాని మెడ కింద చెమట తుడిచాను.

కడియం నర్సరీలు వచ్చేసరికి పాప ఒళ్ళు కాలిపోతోంది. ఊళ్ళోకి వచ్చేసరికి కళ్ళు పైకి పోయాయి. చేతులూ కాళ్ళూ బిగుసుకుని కొట్టుకోవడం మొదలైంది. నాకు ఏం చేయాలో తెలీలేదు. ప్రార్థన కూడా గుర్తు రాలేదు. "గ్రేసీ, గ్రేసీ" అని పిలవడం ఒక్కటే వచ్చింది.

ఆస్పత్రిలో చూస్తే జ్వరం నూట నాలుగు పైన ఉంది. జ్వరం ఎక్కువైతే కొందరు పిల్లలకి ఫిట్స్ వస్తాయనీ, అయిదారేళ్ళు వచ్చేసరికి వాటంతటవే పోతాయనీ డాక్టరు గారు చెప్పారు. జ్వరం పెరగకుండా చూసుకోమన్నారు. నూట నాలుగు అనే మాట దగ్గరే నేను ఆగిపోయాను.

తర్వాత నెలలో మా ఆయన ఆ వైరు సంగతి చూపించడానికి ఒక్కరే రావులపాలెం వెళ్ళారు. నేనూ పాపా ఇంట్లోనే ఉన్నాం. విషయం విని సత్తిబాబు గారు తల అడ్డంగా ఊపారట. వైరు రేకుకి తగిలితే ముల్లు ఆ చివరికి కొట్టుకోవాలి గానీ నలభై దగ్గర నిలబడదన్నారట. సరే, అసలు వైరే లేకుండా చేద్దామని మీటరు వెనక నుంచి దాన్ని పూర్తిగా ఊడదీసి మా ఆయన చేతిలో పెట్టారు.

వైరు ఆయన చేతిలో ఉండగానే ముల్లు లేచింది.

వెంటనే నాకు ఫోన్ చేశారు. "పాప ఏం చేస్తోంది?" అన్నారు. గిన్నెలు కొట్టి ఆడుకుంటోందని చెప్పాను. ఎందుకడిగారో అప్పుడు చెప్పలేదు. నేను భయపడతానని చెప్పలేదట. ముప్పావుగంట తర్వాత పాప ఒళ్ళు కాలిపోతూ, ఫిట్స్‌తో గిన్నెల మధ్యనే పక్కకి ఒరిగింది. ఇంట్లో నేను ఒక్కదాన్నే. డాక్టరు గారు చెప్పినట్టు పక్కకి తిప్పి పడుకోబెట్టి, గోడ గడియారం చూస్తూ కూర్చున్నాను. అంతకు మించి ఎవరూ ఏమీ చేయలేరట. ఫిట్స్ ఆగేదాకా, ఆ రెండు నిమిషాలూ నేను చేసిన పని గడియారం చూడడమే.

ఆ సాయంత్రం మా ఆయన మీటరు పీకి గోదాట్లో పారేస్తానన్నారు. నేనే వద్దన్నాను. "లైటు వెలిగేసరికే ఇంజను పోతుందన్నారు కదా. ఇది ముందే చెబుతోంది" అన్నాను. మీటరు కారులోనే ఉండిపోయింది. మా చర్చి అయ్యగారు ఇంటికొచ్చి పాప కోసం ప్రార్థన చేశారు. మీటరు సంగతి ఆయనకి చెప్పలేదు. ఏమని చెప్పాలో తెలీలేదు.

మూడోసారి ఒక శనివారం ఉదయం. అత్తగారింటికి బయల్దేరి కారు తాళం తిప్పగానే ముల్లు లేచింది. పాప చల్లగా ఉంది, నవ్వుతోంది. అయినా నేరుగా ఆస్పత్రికే వెళ్ళాం. రాత్రి ఒళ్ళు వెచ్చబడిందని డాక్టరు గారికి అబద్ధం చెప్పాను. ఆయన చూసి ఏమీ లేదన్నారు. మేం వెళ్ళకుండా వరండాలో బెంచీ మీద కూర్చున్నాం. "ఏంటండీ, ఇంకా ఇక్కడే ఉన్నారు?" అని నర్సు రెండుసార్లు అడిగింది. గంట కాకుండానే జ్వరం మొదలైంది. అక్కడే మందు వేశారు, ఒళ్ళు తుడిచారు. జ్వరం దిగింది. ఆ రోజు ఫిట్స్ రాలేదు.

అప్పటి నుంచి నా బతుకంతా కారు పెట్టే సెల్లారుకీ మేముండే మూడో అంతస్తుకీ మధ్యనే. రోజూ పది పన్నెండుసార్లు కిందికి దిగేదాన్ని. తాళం తిప్పి, ముల్లు చూసి, పైకి వచ్చేదాన్ని. ముల్లు పడుకుని ఉంటే ఊపిరి పీల్చుకునేదాన్ని. కొన్నాళ్ళకి థర్మామీటరు తీయడం మానేశాను. పాప నుదురు మాటిమాటికీ ముట్టుకోవడం మానేశాను. ఆ సంగతి అప్పుడు నేను గమనించలేదు.

ఈ మధ్యనే ఒక మధ్యాహ్నం. మా ఆయన చెరువుల మీదికి వ్యానులో వెళ్ళారు, కారు కిందే ఉంది. పన్నెండింటికి చూశాను, ఒంటిగంటకి చూశాను. రెండింటికి పాపని పడుకోబెట్టి, పక్కింటావిడని కూర్చోమని మళ్ళీ వెళ్ళాను. మీటరులో లైటు వెలుగుతోంది. పక్క రెండు మీటర్లూ పనిచేస్తున్నాయి. మూడో ముల్లు అడుగున పడుకుని ఉంది.

పైకి వచ్చేసరికి పక్కింటావిడ, "ఒళ్ళు కొంచెం వెచ్చగా ఉందేమోనమ్మా, చూడు" అంది. "ఏం లేదు పిన్నిగారూ, నిద్రలో అలాగే ఉంటుంది" అన్నాను. చెయ్యి వేసి చూడలేదు. ఆవిడ వెళ్ళాక బట్టలు మడతపెట్టుకుంటూ కూర్చున్నాను. మంచం కదిలిన చప్పుడుకి తల తిప్పాను.

ఈసారి ఫిట్స్ రెండు నిమిషాల్లో ఆగలేదు. ఆటోలో ఆస్పత్రికి చేరేదాకా ఆగలేదు. డాక్టరు గారు నన్ను ఒకే ఒక మాట అడిగారు. "జ్వరం ఎప్పటి నుంచి ఉందమ్మా?"

దేవుడి దయ వల్ల పాప కోలుకుంది. ఇంటికి తెచ్చిన రోజు, పాపని వాళ్ళ నాన్న చేతికిచ్చి సెల్లారులోకి పరిగెత్తాను. ముల్లు పడుకునే ఉంది.

సత్తిబాబు గారే రావులపాలెం నుంచి వచ్చారు. వంటింటి అరలోంచి సెన్సరు తెచ్చి, వైరుతో మీటరుకి కలిపి, నేనిచ్చిన వేడి టీ గ్లాసులో ముంచారు. ముల్లు చక్కగా లేచింది. "మీటరు బానే ఉందండి అమ్మగారూ. ఇది నాకు తెలిసిన పనైతే ఇప్పుడే చేసిచ్చేద్దును" అన్నారు. సామాన్లు సంచిలో సర్దుకున్నారు. అనాల్సింది మొదటి రోజే అన్నారు.

మూడుసార్లు ఎందుకు లేచిందో, నాలుగోసారి ఎందుకు లేవలేదో నాకు తెలీదు. మొదటి మూడూ కాకతాళీయం అనుకుందామని చూశాను. ఫిజిక్సు చదివిన బుర్రతో ఎన్ని రకాలుగా ఆలోచించినా, వైరు లేకుండా లేచిన ముల్లు దగ్గర ఆగిపోతున్నాను.

మీటరు ఇంకా కారులోనే ఉంది. పీకేద్దామా అని మా ఆయన అడిగారు. పీకమనీ అనలేకపోయాను, ఉంచమనీ అనలేకపోయాను.

ఇప్పుడు పాప నా పక్కన నిద్రపోతోంది. ఎడమ చెయ్యి దాని నుదుటి మీద వేసి, కుడిచేత్తో ఇది రాస్తున్నాను. చల్లగానే ఉన్నట్టుంది. ఇందాక, మా ఆయన దీని పక్కన కూర్చుంటే, ఒకసారి కిందికి వెళ్ళి వచ్చాను. వెళ్ళకూడదనే అనుకున్నాను. ముల్లు పడుకునే ఉంది. పాపకి జ్వరం లేదని చెబుతోందో, అసలు ఏమీ చెప్పడమే లేదో, దాని ముందు ఎంతసేపు కూర్చున్నా నాకు తెలీలేదు. రెండూ ఒక్కలాగే కనిపిస్తాయి.