నూరో గడి

మైపాడు మిషను బడికి 1962లో వచ్చిన నవోమి టీచరు పిల్లల్ని పల్లెత్తు మాట అనేది కాదు. పెద్దల్నైతే వదిలేది కాదు. జాలర్ల ఆడపిల్లలు హాజరు పలికి, చేపలు ఆరబెట్టడానికి జారుకుంటుంటే, ఒకనాడు వైకుంఠపాళి పటం తెచ్చి నేల మీద పరిచింది. గవ్వలు వేయడం, గడులు కూడుకోవడం, పాము మింగితే పోయినవి తీసేయడం. పలక చూస్తే పారిపోయే మస్తానమ్మ నెల తిరక్కుండా నూరు దాకా లెక్క నేర్చింది. బడి వదిలినా కదిలేది కాదు.

అది పెద్దల కంట్లో పడింది. బడి మేనేజరు, చర్చి పాస్టరు సమాధానం అయ్యగారు పిల్లలకేం వచ్చిందని అడగలేదు, పై గడిలో వైకుంఠం ఎందుకుందని అడిగారు. నవోమి పళ్లు కొరుక్కుంటూ ఆ మాట గీకేసి పరలోకమని రాసింది. పొరపాటంతా అక్కడే జరిగింది. ఆట పేరుతో పిల్లల్ని మతంలో కలుపుతున్నారంటూ పాలెం పెద్ద పెంచలయ్య దిగబడ్డాడు. ఆయనా లెక్కల ఊసెత్తలేదు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం.

బడిలో ఆట పనికొస్తుందా లేదా అని ఇద్దరూ విచారణకు కూర్చున్నారు.

"అది నూరో గడి అయ్యగారూ. తొంభైతొమ్మిది తర్వాత వచ్చేది. అంతకు మించి దాంట్లో ఏమీ లేదు" అంది నవోమి.

అయితే పుణ్యాత్ములు ఎక్కడికి పోవాలని అయ్యగారు అడిగారు. ఆ ఒక్క మాట దగ్గర పెంచలయ్యకూ ఆయనకూ పొత్తు కుదిరింది. ఆటతో చదువు చెడుతుందని తేల్చి, పటాన్ని అయ్యగారింటికి పంపేశారు. మర్నాటి నుంచి మస్తానమ్మ బడికి రాలేదు.

కొన్నాళ్లకు సెలవు అడగడానికి నవోమి అయ్యగారింటికి వెళ్లింది. వసారాలో పెద్దమనుషులిద్దరూ ఆ పటం ముందే బాసీపట్టు వేసుకుని ఉన్నారు. పాము నోట పడ్డ అయ్యగారు కాయను మెల్లగా పక్క గడిలోకి నెట్టారు. పెంచలయ్య చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. తన వంతు రాగానే ఆయనా అదే పని చేశాడు. ఇంత రోత నవోమికి కుళ్లిన చేపల దగ్గర కూడా పుట్టలేదు.

"ఇది పిల్లోళ్లది" అని పటం చుట్టి చంకన పెట్టుకుని, సెలవు సంగతే మరిచి ఇసకలోకి నడిచింది.

ఎండుచేపల పక్కనే పటం పరిచింది. మస్తానమ్మ చేతులు పావడాకు తుడుచుకుని గవ్వలు వేసింది. ఆట నూరు దగ్గర పడ్డాక కాయ తొంభైతొమ్మిదిలో పెద్దపాము నోట పడింది. నవోమి కావాలనే సముద్రం వైపు మొహం తిప్పుకుంది.

వెనక నుంచి మస్తానమ్మ గొంతు వినిపించింది. తొంభై ఎనిమిది, తొంభై ఏడు, తొంభై ఆరు... తోక దాకా ఒక్కొక్క గడీ తనే దిగుతోంది.