వేరుపనస వాటా

పలాస జీడిపప్పు కార్ఖానాలో నలభై ఏళ్ళు పిక్కలు కొట్టిన నయోమికి ఈ లోకంలో స్థిరాస్తి అంటూ ఒకటే ఉండేది. అది భూమి కాదు, చెట్టు కూడా కాదు. ఉద్దానంలో తాళ్ళపుట్టుగ అనే ఊళ్ళో, మేనమామ ఇంటి పెరట్లో ఉన్న పనసచెట్టుకి నేలలోపల, వేళ్ళకి కాసే కాయలు. నవ్వకండి. దానికి దస్తావేజు ఉంది, దాని మీద ఇంగ్లండు రాజు బొమ్మ కూడా ఉంది. ఉందని అందరికీ తెలుసు గానీ చూసినవాళ్ళు మాత్రం లేరు.

ఆ రోజుల్లో ఉద్దానంలో పంపకాలు అలాగే జరిగేవి. ఇసుక నేల ఎవడిక్కావాలి, చెట్టే ఆస్తి. నేల ఒకడిదైతే దాని మీద కొబ్బరిచెట్టు ఇంకొకడిది. నయోమి తాత పైడయ్య, బాప్తిస్మం తీసుకున్నా పేరు మార్చుకోనన్న మొండిమనిషి, 1938లో ముగ్గురు కొడుకులకీ తోట పంచాడు. కొబ్బరిచెట్లు మూడు వాటాలకీ సరిగ్గా తెగాయి. పెద్ద పనస ఒక్కటి మిగిలింది. తూర్పు కొమ్మలు పెద్దవాడికి, దక్షిణం కొమ్మలు నడిపివాడికి, పడమటివి చిన్నవాడికి. కూతురు మిరియం ఒకతి ఉందని అప్పుడు గుర్తొచ్చిందో, ముందునుంచీ మనసులోనే ఉందో మనకి తెలీదు. నేలలో కాసినవి మిరియానికీ, ఆమె తర్వాత ఆమె కూతురికీ అన్నాడు. కొడుకులు లోలోపల నవ్వుకున్నారట. వేరుకాయ కాస్తే ఒకటో రెండో, ఒక్కో ఏడాది అదీ ఉండదు.

ఆ ఒకటో రెండో కోసమే మిరియం ప్రతి వేసవికీ పలాస నుంచి పుట్టింటికి వెళ్ళేది. నయోమిని మొదట చంకనేసుకుని, తర్వాత చెయ్యి పట్టుకుని. చెట్టు మొదట్లో ఇసుక నెర్రె విచ్చి వాసన వస్తే అక్కడ కాయ ఉన్నట్టు. గునపం పెడితే కాయకి తగులుతుంది, చేతుల్తోనే తవ్వాలి. పైట నడుముకి బిగించి మోకాళ్ళ మీద కూర్చుని ఇసుక ఎత్తిపోస్తున్న ఆ మనిషి నయోమికి తన తల్లిలా అనిపించేదే కాదు. పలాసలో పెదవి విప్పని మిరియం అక్కడ పగలబడి నవ్వేది. తవ్వడం అయ్యాక చిన్న మేనమామ భార్య, నయోమికి అత్త, ఇద్దరికీ చేతులు కడిగించి, ప్రార్థన చేసి, పనసగింజలూ ఎండునెత్తళ్ళ చేపలూ కలిపి వండిన కూరతో అన్నం పెట్టేది.

తల్లి పోయాక నయోమి ఒక్కతే వెళ్ళింది. భర్త షాలేమ్ రాజు కిడ్నీ జబ్బుతో పోయిన ఏడాది కూడా వెళ్ళింది. అప్పటికి అన్నదమ్ముల వాటాలన్నీ చిన్న మేనమామ కొడుకు జయప్రకాష్ చేతికే వచ్చాయి. ఆ అత్త కూడా పోయింది. ఆమె కోడలు, జయప్రకాష్ భార్య కృపావరం, అదే కూర వండి పెట్టేది.

2018లో తిత్లీ తుఫాను ఉద్దానాన్ని ఊడ్చిపెట్టినప్పుడు ఆ పనస వేళ్ళతో సహా లేచిపోయింది. దాంతో నయోమి ఆస్తీ పోయింది.

ఇక ఏ ముఖం పెట్టుకుని వెళ్తుంది? కాయ కోసం వచ్చానని గుమ్మంలో నిలబడటం వేరు, ఊరికే వచ్చానని నిలబడటం వేరు అనుకుంది. శుద్ధ పొరపాటు. కానీ అభిమానం గల మనిషికి ఆ మాట చెప్పేదెవరు? ఏడేళ్ళు అటు అడుగు పెట్టలేదు. మే నెల వస్తే మాత్రం కాశీబుగ్గ బజార్లో పనసతొనల బండి దగ్గర నిలబడిపోయేది. కొనేది కాదు. కాసేపు వాసన చూసి, ఇంటికొచ్చి మంచం మీద కూర్చుని ఏడ్చేది. బెంగ పండు మీద కాదు. తాళ్ళపుట్టుగలో బస్సు దిగగానే "మిరియం కూతురొచ్చిందర్రా" అని ఎవరో ఒకరు అరిచేవారు. ఆ మాట మీద బెంగ. పలాసలో ఇప్పుడు మిరియం అంటే ఎవరో ఎరిగినవాళ్ళే లేరు.

ఈ మేలో జయప్రకాష్ ఫోను చేశాడు.

"వదినా, పెరడు అమ్మేత్తన్నాం. కొనేవోళ్ళు పాత కాయితాలన్నీ తియ్యమన్నారు. తాత కాయితం టెక్కలిలో ఓ పాత ప్లీడరు బీరువాలో దొరికింది. అందులో మీయమ్మ హక్కు రాసుంది. నీకేటీ వద్దని ఓ సంతకం కావాల. టెక్కలి వత్తావేటి?"

సంతకం పెడితే ఆ ఊరితో ఉన్న ఆఖరి పోగు తెగిపోతుంది. పెట్టనంటే తగువు మిగులుతుంది.

"పెడతాను బాబూ. గానీ మీ ఇంట్లోనే పెడతాను. ఆ కాయితం మొత్తం నాకు సదివి ఇనిపించాల."

బస్సు దిగితే అరిచేవాళ్ళు ఎవరూ లేరు. పెరట్లో చెట్టున్న చోట గొయ్యి పూడ్చేసి చదును చేశారు. కాసేపు అక్కడే నిలబడి ఇసుకని కాలితో తడిమింది. వంటింటి గుమ్మంలోంచి కృపావరం చూసింది.

"ఏడేళ్ళకి దారి తెలిసిందేటి అక్కా?" అని, క్యాను నీళ్ళ గ్లాసు చేతికిచ్చి గిరుక్కున లోపలికి వెళ్ళిపోయింది. కోపంగా ఉందనుకుంది నయోమి. కోపంగానే ఉంది మరి.

టెక్కలి నుంచి వచ్చిన దస్తావేజు లేఖరి సూర్యనారాయణ కళ్ళద్దాలు సర్దుకుని చదవడం మొదలుపెట్టాడు. కొమ్మలన్నీ అయ్యాయి. వేళ్ళ దగ్గరికి వచ్చాడు.

"'సదరు వేరుకాయలకు మనిషిని పంపినచో చెల్లదు. మిరియం స్వయముగా వచ్చి తన చేతులతో తవ్వుకొనవలెను. వచ్చిన దినమున నా కుమారులు, వారి తదనంతరము వారి వారసులు, ఆమెకు కడుపునిండా అన్నము పెట్టవలెను.'"

నయోమికి ఒక్కసారిగా తాత అర్థమయ్యాడు. ముసలాయన ఇచ్చింది కాయ కాదు, ఏటా కూతురు పుట్టింటికి వచ్చే దారి. ప్రాణం ఉప్పొంగింది. ఆ వెంటనే చివరి వాక్యం గుండెలో గుచ్చుకుంది. ఇన్నేళ్ళూ తిన్న ఆ కూర, ఆ ప్రార్థన, ఆ కొసరి వడ్డింపు అంతా రాసి ఉన్నందుకా?

"అయితే అత్త అన్నం ఎట్టింది కాయితంలో ఉందనేటి?" అంది.

కృపావరం గరిటె చేత్తోనే బయటికొచ్చింది.

"ఓలమ్మ, ఏటి మాటలక్కా! మొన్నటి దాకా ఆ కాయితం ఈ ఇంట్లో ఎవులూ సూడనేదు. మా అత్తకి సదువే రాదు. పోయే ముందు నాకొక్కటే సెప్పింది, 'ఎండల్లో మిరియం కూతురొత్తాది, నెత్తళ్ళు ఎండబెట్టి ఉంచే' అని. సెట్టు పడిపోయిన కాడి నుంచీ ఏటేటా ఎండబెడతన్నాను. ఏడేళ్ళూ ఎండబెట్టినాను. నువ్వు రానేదు."

ఇబ్బంది పోగొట్టడానికి లేఖరే నవ్వుతూ, హక్కు వదులుకుంటున్నట్టు రాసి తెచ్చిన కాగితం తీసి కలం అందించాడు.

"సంతకం అయిపోయిందంటే వీళ్ళు మీకు అన్నం పెట్టక్కర్లేదమ్మా. ముందు భోంచేసి, తర్వాత పెట్టండి."

నయోమి కళ్ళు తుడుచుకుంది. జీడిసొనకి నల్లబడి, గీతలు అరిగిపోయిన వేళ్ళతో కలం పట్టుకుని, ఒక్కో అక్షరం దిద్దుతూ పేరు పూర్తిగా రాసింది. కాగితం లేఖరి వైపు జరిపి, కొంగు దులుపుకుని, వంటింట్లోకి వెళ్ళి పీట వాల్చుకుంది.

"ఇప్పుడెట్టే కృపా, అన్నం."