రాళ్ళకు వాటి ఊళ్ళు చెప్పిందెవరు

దయ్యాల కథ ఎవరైనా మొదలుపెడితే లేచి వెళ్ళిపోయే రకం నేను. మదనపల్లె టమోటా మార్కెట్లో మండీ నడిపేవాడికి బతికున్న మనుషులతో వేగడానికే పొద్దు చాలదు, చచ్చినవాళ్ళతో పేచీ ఎక్కడ పెట్టుకుంటాడు. మా అమ్మ దిష్టి తీస్తానన్నా నిలబడేవాణ్ణి కాదు. ఇది విన్నాక మీరు ఏమైనా అనుకోండి, నా స్వభావం మాత్రం అది.

నాకున్న పిచ్చి వేరు. రాళ్ళు. ఇల్లు కట్టే రాళ్ళు కావు, భూమి లోపల వాటంతటవే పలకలు తీరి పెరిగే స్ఫటికాలు. తొంభైల మొదట్లో మా సరుకు నాసిక్ వైపు తీసుకుపోయిన లారీ డ్రైవరొకడు, అక్కడ బావి తవ్వుతుంటే బయటపడిందని ఒక ఆకుపచ్చ రాయి తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. ఎవరో కూర్చుని సాన పట్టినంత నునుపుగా ఉంది. ఎవరూ పట్టలేదు, భూమిలోనే అలా ఉందన్నాడు. ఆ పూట వేలంపాటలో ఎవరు ఏ ధర పాడారో నాకు తెలియదు.

తర్వాత బెంగళూరులో ఇలాంటివి అమ్మేవాళ్ళు పరిచయమయ్యారు. బ్రెజిల్ నుంచి, మెక్సికో నుంచి, మొరాకో నుంచి పార్సిళ్ళు రావడం మొదలైంది. మా పోస్ట్‌మాన్ ప్రతిసారీ పార్సిలు దించి నడుం పట్టుకునేవాడు. మా ఆవిడ కొన్నాళ్ళు కోప్పడి, కొన్నాళ్ళు అలిగి, చివరికి మేడ మీది గది నాకు వదిలేసి తన దారిన తాను టీవీ చూసుకుంది. బజార్లో నా పేరు రాళ్ళప్ప అయిపోయింది. పిలిస్తే పలికేవాణ్ణి కూడా.

ఈ వ్యవహారంలో ఒక్కటే నియమం. ఏ రాయి ఏ దేశంలో, ఏ గనిలో దొరికిందో రాసిన చీటీ దాంతోపాటే ఉండాలి. చీటీ పోయిన రాయి, రైతు పేరు లేని టమోటా లాటు లాంటిది. సరుకు ఎంత బాగున్నా తెలిసినవాడెవడూ చెయ్యి పెట్టడు.

రెండువేల సంవత్సరం దాటి, కోలారు బంగారు గనులు మూతపడిన కొన్నాళ్ళకు, కుప్పంలో ఒక ఇంటి నిండా ఇలాంటి రాళ్ళున్నాయని విన్నాను. గనుల్లో ఇంజనీరుగా పనిచేసిన రాఘవయ్యగారి ఇల్లు. ఆయన పోయి రెండేళ్ళు దాటింది. నేను ఆయన్ను ఎప్పుడూ చూడలేదు. ఆయన భార్య జయలక్ష్మమ్మ ఒక్కతే ఉంటోంది.

రెండు చెక్క బీరువాలు తెరిచి చూపించింది. నా జన్మలో అంత మంచి రాళ్ళు ఒక్కచోట చూడలేదు. నార్వే వెండి తీగలు, నల్లటి తగరపు రాయి, రక్తం రంగు పలకలు. ఒక రాయి తిప్పి చూశాను. కింద చీటీ లేదు. ఇంకొకటి తిప్పాను, లేదు. ప్రతి రాయి నెత్తినా మాత్రం కుంకుమ బొట్టు మరక ఉంది.

ఆవిడే చెప్పింది. ఏడాది మైల పోయాక వచ్చిన ఆయుధపూజకు, కారుకూ కుట్టుమిషన్‌కూ చేసినట్టే ఆయన రాళ్ళకూ చేయాలనిపించింది. సబ్బునీళ్ళతో అన్నీ కడిగి, తుడిచి, పసుపు కుంకుమ పెట్టింది. కడిగినప్పుడు చీటీలన్నీ ఊడి బకెట్లో తేలాయి. ఆరబెట్టి ఒక స్టీలు డబ్బాలో దాచింది. ఏ చీటీ ఏ రాయిదో మాత్రం ఇంక ఎవరికీ తెలియదు.

"ఆయన బతుకంతా ఈ రాళ్ళేనప్పా. పచ్చి నీళ్ళు గూడా తగలనీలేదు. నేను ఒక్క పూటలో నాశనం జేసినా," అంది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే నాకు తేలికగా ఉండేది.

అప్పటికే బెంగళూరు నుంచి శ్రీధర్ అనే వ్యాపారి వచ్చి చూసి, చీటీలు లేకుండా ఇవి తోటలో అలంకారానికి తప్ప పనికిరావని చెప్పి వెళ్ళాడట. అందుకే ఆవిడ ఒక నిర్ణయానికి వచ్చింది. చీటీలు వాటి రాళ్ళకు చేర్చినవాళ్ళకే బీరువాలు రెండూ ఇస్తుంది. ఎవరూ చేర్చలేకపోతే పక్కన కడుతున్న ఇంటి పునాదిలో వేయించేస్తుంది. ఇంక వాటిని చూస్తూ ఆ ఇంట్లో ఉండలేనంది.

పునాది అనగానే నేను చేరుస్తానన్నాను. ధైర్యంగానే అన్నాను కానీ సగం రాళ్ళు నాకు తెలియవు.

మరుసటి ఆదివారం పొద్దున్నే వెళ్ళి, హాల్లో నేల మీద రాళ్ళన్నీ పరుచుకుని కూర్చున్నాను. తెలిసినవి టకటకా సర్దేశాను. తర్వాత ఆగిపోయాను. ముదురు నీలం రాయి ఒకటి ఉంది. ఆఫ్రికాది కావచ్చనుకుని ఆఫ్రికా చీటీ దాని కింద పెట్టాను.

టంగ్‌మని ఒక గంట మోగింది.

దూరం నుంచి, ఎక్కడో లోతులోంచి వచ్చినట్టు, ఇనుము మీద ఇనుముతో ఒకే ఒక్క దెబ్బ. పట్టించుకోలేదు. ఆలోచన మారి చీటీ తీసి ఆస్ట్రేలియా చీటీ పెట్టాను. చప్పుడు లేదు. ఇంకో రాయికి ఒక చీటీ పెట్టాను. టంగ్. మార్చాను. నిశ్శబ్దం.

లేచి చూశాను. ఇంట్లో గోడగడియారం లేదు. దగ్గర్లోని బడికి ఆదివారం సెలవు. వీధిలో మిట్టమధ్యాహ్నపు ఎండ తప్ప మనిషి లేడు. జయలక్ష్మమ్మ పెరట్లో చింతపండు గింజలు తీస్తూ కూర్చుంది. గంట ఏమైనా మోగిందా అని అడిగాను.

"గంటా? యాడ? నాకేం వినపడలేదే," అంది. ఆవిడ చెవులు మంచివే. వీధి మలుపులో పాలవాడి సైకిలు బెల్లు విని గిన్నె తీసుకుని లేచే మనిషి.

వెనక్కి వచ్చి పరీక్ష చేశాను. వాటిలో నాసిక్ రాయి ఒకటి ఉంది, అది నాకు బాగా తెలుసు. కావాలనే దాని కింద నార్వే చీటీ పెట్టాను. టంగ్. సరైనది పెట్టాను. ఏమీ లేదు. మళ్ళీ తప్పుది పెట్టాను. మళ్ళీ టంగ్.

వేరేవాడైతే చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తేవాడేమో. నాకు మాత్రం, నిజం చెప్పాలంటే, భయం కన్నా ఆశ ఎక్కువ. ప్రపంచంలో ఏ రాళ్ళ పిచ్చోడికీ ఇలాంటి సాయం దొరికి ఉండదు. చెమట తుడుచుకుని మళ్ళీ కూర్చున్నాను. చీటీ పెట్టడం, చెవి ఒగ్గడం. ఎండ తగ్గేసరికి దాదాపు అన్నీ అయిపోయాయి.

చివరికి రెండు పైరైట్‌లు మిగిలాయి. పైరైట్ అంటే బంగారమని జనం మోసపోయే ఇత్తడి రంగు రాయి. ఒకటి చక్కటి పాచికల గుత్తి, రెండోది వంకర పలకలది. మిగిలిన చీటీలు స్పెయిన్, పెరూ. ఇందులో ఆలోచించడానికి ఏముంది. అంత కచ్చితమైన పాచికలంటే స్పెయినే అని ఈ రంగంలో ఎవరైనా చెబుతారు. స్పెయిన్ చీటీ పెట్టాను.

టంగ్.

తీసి మళ్ళీ అదే పెట్టాను. మళ్ళీ టంగ్. "స్పెయినే కదయ్యా," అని గోడకేసి పైకే అన్నాను. ఇంకోసారి మోగింది. ఎవరితో వాదిస్తున్నానో తెలియకుండానే ఓడిపోయి, పాచికలకు పెరూ చీటీ పెట్టాను.

సరిచూడటానికి ఆవిడ శ్రీధర్‌ను పిలిపించింది. అతను రాయి రాయీ తిప్పి చూస్తూ, నా వైపు ఆశ్చర్యంగా చూస్తూ పైరైట్ దాకా వచ్చాడు. అక్కడ నవ్వాడు. ఇది స్పెయిన్‌దని కొత్తగా మొదలుపెట్టినవాడికి కూడా తెలుస్తుందనీ, ఇది తప్పయితే మిగతావి కూడా నేను గుడ్డిగా పెట్టినట్టేననీ అన్నాడు. అతను అన్నదాంట్లో తప్పేమీ లేదు. గంట చెప్పిందని నేనెలా అనగలను. జయలక్ష్మమ్మ మొహం వాడిపోయింది.

ఆవిడే నెమ్మదిగా అంది, "పుంగనూరులో మునుస్వామి ఉండాడు. ఈయనతో గనిలో ఒకే షిఫ్టు. కొన్నాళ్ళు ఆ పెరూ దేశంలో గూడా పనిజేసినాడు. ఆయప్పను అడగండి."

శ్రీధర్ కారులోనే ఇద్దరం బయల్దేరాం. వెంకటగిరికోట దాటేదాకా అతను నా మీద జోకులు వేస్తూనే ఉన్నాడు. నేను ఒళ్ళో తువ్వాలులో చుట్టిన రాయిని పట్టుకుని కూర్చున్నాను.

మునుస్వామిగారు వసారాలో అనపకాయలు ఒలుస్తున్నారు. మేమేమీ అడగకముందే, తువ్వాలు విప్పగానే రాయిని తిప్పి, పక్కనున్న నలుచదరపు గుంటలో బొటనవేలు పెట్టారు. అది ఏదో దెబ్బ తగిలిన గుర్తనుకుని నేను పట్టించుకోనేలేదు.

"ఇది నేను తెచ్చిందే గదప్పా," అని, లోపలికి కేకేసి దేవుడి గూట్లో ఉన్నది తెమ్మన్నారు. ఆయన భార్య పైరైట్ ముక్క ఒకటి తెచ్చింది. దాని చివర ఒక పాచిక బయటికి పొడుచుకుని ఉంది. దాన్ని ఆ గుంటలో పెట్టి కొద్దిగా నొక్కారు. టక్కుమని కూర్చుంది. రెండు ముక్కల మధ్య గోరు దూరే సందు కూడా లేదు.

పెరూ నుంచి తెస్తుంటే దారిలో పెట్టె పడి రాయి రెండుగా విరిగిందట. రాఘవయ్యగారూ ఆయనా చెరొకటి తీసుకున్నారట. మునుస్వామిగారి ముక్క కింద చీటీ ఇంకా అంటుకునే ఉంది. పెరూ.

శ్రీధర్ కాసేపు ఆ రాయినే చూసి, నా చెయ్యి పట్టుకుని గట్టిగా ఊపాడు. ఓడిపోవడం తెలిసిన మనిషి. నాకైతే పుంగనూరు వీధుల్లో డప్పు కొట్టించాలనిపించింది.

పెరూ అని ఎట్లా కనిపెట్టావని మునుస్వామిగారు అడిగారు. అప్పటికి నేను సంతోషంలో ఉన్నాను, దాచలేదు. గంట సంగతి చెప్పాను. ఎన్నిసార్లు మోగేదని అడిగారు. తప్పు పెట్టినప్పుడల్లా ఒక్కసారే అన్నాను. ఆయన చేతిలోని అనపకాయ కింద పెట్టేశారు.

"గనిలో లిఫ్టు పోతాండేటప్పుడు ఒక్క గంట గొడితే ఆపమని. ఇంకేం అర్థం లేదు దానికి," అన్నారు. నేను జీవితంలో ఏ గనిలోకీ దిగలేదు. ఆ సంగతి అంతకుముందు వినలేదు కూడా.

ఆయన తన ముక్కను కూడా మాకే ఇచ్చేశారు. కుప్పం తిరిగి వెళ్ళి రెండూ జయలక్ష్మమ్మ ముందు పెట్టాను. తనే చేతిలోకి తీసుకుని కలిపి చూసుకుంది.

"ఇంక ఆయన ఫోటో తట్టు సూడగల్ను," అంది.

వారం తర్వాత మా మండీ వ్యాను తీసుకెళ్ళాను. రాళ్ళన్నీ వరిగడ్డిలో చుట్టి టమోటా క్రేట్లలో సర్దాం. పెరూ పైరైట్‌ను మాత్రం ఎవరికీ అప్పగించలేదు. ముందు సీట్లో డ్రైవర్ రెడ్డప్ప పక్కన కూర్చుని, దాని పెట్టెను రెండు చేతులతో ఒళ్ళో పట్టుకున్నాను. నా అంత గొప్పవాడు జిల్లాలో లేడనిపించింది.

వ్యాను కదిలింది. టంగ్‌మంది.

రెడ్డప్ప గబుక్కున బ్రేకు వేశాడు. ఎందుకు ఆపావన్నాను. "మీరే గదన్నా రేకు మీద కొట్టింది," అన్నాడు. నా చేతులు రెండూ పెట్టె మీదే ఉన్నాయి.

దిగి వెనక్కి నడిచాను. జయలక్ష్మమ్మ గేటు దగ్గరే నిలబడి ఉంది. పిలిచారా అని అడిగాను. "నేను పిల్సలేదే," అంది. కానీ ఆవిడ చూపు నా చేతిలోని పెట్టె మీదే ఉంది. సంకోచంగా, "ఇచ్చేస్తానని మాటిచ్చినా, నోరు రాలేదు. అదొక్కటి ఈడ ఉండనీప్పా," అంది.

ఆ రెండు బీరువాల్లో మకుటం లాంటిది అదే. అయినా పెట్టె ఆవిడ చేతుల్లో పెట్టేశాను. మళ్ళీ వ్యాను ఎక్కాను. ఈసారి ఏ చప్పుడూ రాలేదు.

మదనపల్లెలో మా మేడ మీది గది ఇప్పుడు చూడదగ్గది. చీటీ లేని రాయి ఒక్కటి కూడా లేదు. ఆ గంట ఎవరు కొట్టారో, నాకెందుకు వినిపించిందో, చివరిసారి రెడ్డప్పకు కూడా ఎలా వినిపించిందో ఎన్ని రకాలుగా ఆలోచించినా నాకు అంతుపట్టలేదు. పని మీద కుప్పం వెళ్ళినప్పుడల్లా ఆవిడ ఇంటికి పోతాను. కాఫీ తాగి, ఆ పైరైట్ ముక్కలు రెండూ విడదీసి, మళ్ళీ కలిపి ఆవిడ చేతికిచ్చి వస్తాను.