పిల్లి మేసిన పాలికలు

మా ఇంట్లో పిల్లి మీద చెయ్యెత్తే ధైర్యం ఎవరికీ లేదు. జగ్గయ్యపేటలో నాన్నకు ధాన్యం కొట్టు. ఎలుకల్ని పట్టే ఆ పిల్లే కొట్టుకు కాపలా. పైగా పిల్లిని చంపితే బంగారు పిల్లిని దానమివ్వాలని అమ్మ భయం. అందుకని అది ఏటా పిల్లల్ని పెడుతూ, కొత్త అల్లుడి మర్యాదలు అందుకుంటూ తిరిగేది.

స్వాతంత్ర్యం వచ్చే ముందటేడు వేసవిలో అక్క పెళ్లయింది. మట్టి మూకుళ్లలో నవధాన్యాలు చల్లి, పాలూ నీళ్లూ పోసి పెంచే పాలికలను పదహారు రోజుల పండగ దాకా వసారాలో ఉంచారు. మొలక ఏపుగా వస్తే పెళ్లికూతురి కడుపు పండుతుందని నమ్మకం. అవి బెత్తెడు ఎదిగాయో లేదో, పిల్లి కొరికేసింది.

కాపాడే పని నా నెత్తిన పడింది. చుట్టూ రేగుముళ్లు పరిస్తే మీంచి దూకింది. మిరప్పొడి చల్లితే తుమ్మి, మళ్లీ మేసింది. గంప బోర్లిస్తే, "వెలుతురు లేక పాలిపోతాయే, తియ్యి" అని అమ్మ కసిరింది. పోనీ పిల్లిని కట్టెయ్యమంటే, "కొట్లో ఎలుకల్ని నువ్వు పడతావా?" అంది. ఒళ్లు మండిపోయింది. చివరికి పెరట్లో పగిలిన బానలో నానబెట్టిన వడ్లు చల్లాను. అవి పచ్చగా లేచాక పిల్లి అక్కడే మేసేది. అప్పటికే పాలికల్లో మోళ్లు తప్ప ఏమీ మిగల్లేదు.

పండగనాడు నందిగామ నుంచి అక్క అత్తగారు బండి దిగుతూండగానే, అమ్మ గబగబా ఆ వడ్ల మొలకలను మట్టితో సహా పెళ్లగించి మూకుళ్లలో సర్దేసింది. ఆవిడ పచ్చదనం చూసిందే గానీ తొమ్మిది రకాలూ ఉన్నాయా అని చూడలేదు.

"ఎంత ఏపుగా వచ్చినయ్యో వదినా! మా వంశం నిలబడ్డట్టే" అని మురిసిపోయింది.

రెండేళ్లు గడిచినా అక్క కడుపు పండలేదు. నైజాంలో గొడవలకు హడలి గరికపాడు మీదుగా జనం మా ఊళ్లో వచ్చి పడుతున్న రోజులవి. అలాంటప్పుడు అత్తగారు అక్కను వెంటబెట్టుకొచ్చి గుమ్మంలోనే మొదలుపెట్టింది.

"పాలికలు బంగారంలా మొలిచినయ్. లోపం మీ పిల్లదే. మా వాడికి ఇంకో సంబంధం చూస్తన్నాం. ఇదుంటే వంటింట్లో పడుంటది."

కొడుకులో లోపం ఉండొచ్చన్న మాట ఎవరి నోటా రాలేదు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది తప్ప తను చేసింది చెప్పలేదు. ఆ మౌనాన్ని నేను ఇప్పటికీ క్షమించలేదు.

"అవి పాలికలు కావు అత్తయ్యగారూ! పాలికల్ని పిల్లి మేసింది. మీరు చూసినవి పిల్లికి నేను వేసిన వడ్లు!" అని అరిచాను.

ఆవిడ రెప్పయినా వెయ్యలేదు. "అదీ సంగతి! పాలికలు పాడైనయ్ గనకే ఈ పిల్ల గొడ్రాలైంది."

మొలిచినా అక్కదే తప్పు, మొలవకపోయినా అక్కదే తప్పు. నాకు ఆవిడ జుట్టు పట్టుకోవాలనిపించింది.

అప్పటిదాకా గోడకానుకుని నిలబడ్డ అక్క కదిలింది. వసారాలో నాలుగు కూనలకు పాలిస్తున్న పిల్లిని చూపించింది.

"ఏపుగా మొలిచినవి దానివేగా అత్తయ్యగారూ. దాన్నే తీసుకెళ్లి మీ అబ్బాయికి చేసుకోండి. నేను రాను."