లంక పట్టీలో అవ్వ పేరు

పుదుచ్చేరి పాత రికార్డుల ఆఫీసులోని అటెండరు, చదువుకోడానికి వచ్చినవాళ్ళను వేధించేవాడని ఇప్పటికీ అంటారు. శుద్ధ అబద్ధం! అడిగిన కట్ట ఇచ్చేముందు, అరియాంకుప్పం ఏటిలోని తమ లంక జనాభా పట్టీ తెచ్చి ఒక్క పుట చదివించుకునేవాడు, అంతే. పట్టీ ఫ్రెంచిలో ఉంది, ఆయనకు ఫ్రెంచి రాదు. ఇంటిల్లిపాదీ 'అవ్వ' అనే పిలిచిన ముసలమ్మ అసలు పేరు అందులో దొరుకుతుందని ఆశ.

రెండువేల నాలుగులో, నా వంతు పుటలో వాళ్ళ తాత పేరు తగిలింది.

"పక్కన ఏముండాదమ్మా?"

"భార్య."

"పేరు?"

"అంతే రాశారయ్యా, నన్నేం చెయ్యమంటావు?"

మర్నాడు అదే పుట ఇంకొకాయన ముందు పెట్టాడు. "ఆ యమ్మ సరింగా సదవలా సార్, మీరు సూడండి" అన్నాడు, నేను వింటుండగానే. అప్పుడు ఒళ్ళు మండింది. ఇప్పుడు తలుచుకుంటే ఆ మాటా ముద్దుగానే ఉంది.

ఇంతకీ ఆ అవ్వను కన్నతల్లి ఏమని పిలిచేదో?